అన్నం ప్రక్కన మొక్కజొన్న

వర్షఋతువు ప్రవేశించగానే వీధి మలుపులలో బొగ్గుల కుంపట్లు వెలుస్తాయి. కోస్తావారు మొక్కజొన్న పొత్తు అన్నా, తెలంగాణవారు మక్క కంకి అన్నా రుచి ఒక్కటే. అయితే మనలో పెక్కుమందిమి దీనిని చిరుతిండిగానే ఎరుగుదుము. భోజనంలో దీని స్థానమేమిటో తెలియాలంటే దీని చరిత్రను కొంత పరిశీలించాలి.

మొక్కజొన్న జన్మస్థానం మెక్సికో. అచ్చటి ప్రజలు వేల సంవత్సరాలుగా ఈ గింజలను సున్నపు నీటిలో ఉడికించి, కడిగి, రుబ్బి రొట్టెలు చేసుకొంటున్నారు. 1492 తరువాత పంట ఇతర ఖండాలకు వ్యాపించింది గాని, ఆ పద్ధతి దాని వెంట రాలేదు. ఫలితంగా ఉత్తర ఇటలీలోను, తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రాలలోను మొక్కజొన్నే ప్రధానాహారమైన పేదలను పెల్లాగ్రా వ్యాధి పీడించింది. అది అంటువ్యాధి కాదని, ఆహారలోపం వల్ల కలుగుతున్నదని డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1915 ప్రాంతంలో నిరూపించారు. లోపించినది నియాసిన్ అనే విటమిన్ అని 1937 పరిశోధనల వల్ల తేలింది. మొక్కజొన్నలో నియాసిన్ ఉన్నా, అధికభాగం శరీరానికి అందని రూపంలో ఉంటుంది. సున్నపు నీరు దానిని విడిపిస్తుంది.

దీనినిబట్టి మనం గ్రహించవలసినది ఒక్కటే. ఒంటరిగా కొరతలు గల ఈ గింజ, పప్పుతోను ఆకుకూరలతోను చేరినప్పుడు మేలైన ఆహారమవుతుంది. దీని మాంసకృత్తులలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులలో సమృద్ధిగా లభిస్తుంది.

ఇక ఎంపిక విషయం. కోసిన క్షణం నుండి గింజలోని చక్కెర తరుగుతూ, పిండిపదార్థంగా మారుతూ ఉంటుంది. సాధారణ తీపి మొక్కజొన్నలో 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక్కరోజులోనే సగానికి పైగా చక్కెర తగ్గుతుంది. 0 డిగ్రీల వద్ద ఆ తరుగు సుమారు 6 శాతమే. కనుక పచ్చని పొర వాడని పొత్తులనే కొని, ఆనాడే వండుకొనుట ఉత్తమం. గోరుతో నొక్కితే పాలు చిందే గింజ కూరకు తగినది.

నలుగురికి రెండు పొత్తుల గింజలు, అరకప్పు పెసరపప్పు చాలును. పప్పును అరగంట నానబెట్టి, పలుకుగా ఉడికించాలి. గింజలను వేరుగా మెత్తబడే వరకు ఉడికించి, గుప్పెడు గింజలను కచ్చాపచ్చాగా నూరుకోవాలి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకులతో పోపు పెట్టి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వేయించి, అన్నిటినీ కలిపి ఉప్పు, పసుపు వేసి అయిదు నిమిషాలు మగ్గనివ్వాలి. నూరిన గింజల పిండిపదార్థమే కూరకు చిక్కదనమిస్తుంది. దించిన పిదప నిమ్మరసం పిండాలి. గుప్పెడు తోటకూర చేర్చినా రుచి చెడదు.

ఒక్క హెచ్చరిక. మొక్కజొన్న కూరగా వచ్చినా స్వభావరీత్యా ధాన్యమే. మన వయసువారి ఇండ్లలో మధుమేహం అరుదు కాదు. ఈ కూర వడ్డించిన పూట అన్నం ఆ మేరకు తగ్గించి, ప్రక్కన దోసకాయ ముక్కలో, మజ్జిగో ఉంచుకొనుట వివేకం. ఆ కొలత పాటించిన ఇంట ఇది పిల్లలకు, పెద్దలకు సమానంగా నచ్చే వంటకం కాగలదు.