‘రంధ్ర’ పదం విలువ: చదరంగ సంఖ్య, చోడగంగదేవుని శకం – ఒక పరిశీలన

భూతసంఖ్యా పద్ధతిలో అంకెలకు బదులు పదాలు వాడతారు. అయితే ఒకే పదానికి రెండు విలువలు ఉండే సందర్భాలున్నాయి. ‘రంధ్ర’ అటువంటి పదం. దేహంలోని నవరంధ్రాలను బట్టి దాని విలువ 9. శూన్యం అనే భావాన్ని బట్టి కొన్నిచోట్ల 0. ఏ సందర్భంలో ఏ విలువ గ్రహించాలో నిర్ణయించడానికి రెండు రకాల ఆధారాలు ఉన్నాయని తెలుగు చదరంగ పద్యం, కళింగ గాంగుల శాసనం పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

1. చదరంగ సంఖ్య

చదరంగంలో మొదటి గడికి ఒక గింజ, ఆపై ప్రతి గడికి రెట్టింపు చొప్పున 64 గళ్లకు లెక్కిస్తే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఇది 64 రెండ్ల లబ్ధం కంటే ఒకటి తక్కువ. ప్రసిద్ధమైన చదరంగ పద్యం ఈ 20 అంకెలను పదాలుగా కూర్చింది. వామగతి నియమం ప్రకారం మొదటి పదం ఒకట్ల స్థానంలోని 5ను చెబుతుంది. ఏడవ పదం ‘రంధ్ర’. అది పది లక్షల స్థానానికి చెందినది.

ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297 అనే ఆరు సంఖ్యల లబ్ధం. చివరిది ప్రధాన సంఖ్య అని ఫెర్మా భావించగా, అది 641, 6700417ల లబ్ధమని ఆయిలర్ 1732లో చూపాడు.

ఇక్కడ ‘రంధ్ర’ను 0గా చదివితే సంఖ్య 90,00,000 తగ్గుతుంది. అంకెల మొత్తం 87 నుంచి 78కి మారినా, రెండింటినీ 9తో భాగిస్తే శేషం 6 మాత్రమే. అందువల్ల వాడుకలో ఉన్న తొమ్మిదుల పరీక్ష ఈ దోషాన్ని పట్టలేదు. 3, 5 కారణాంకాలూ పట్టలేవు. కానీ 90,00,000ను 17 నిశ్శేషంగా భాగించదు. కాబట్టి 0 పాఠంలో సంఖ్య 17కు గుణిజం కాకుండా పోతుంది. 64 సార్లు రెట్టించకుండానే ఆ పాఠాన్ని తిరస్కరించవచ్చు.

2. శాసన శకం

నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగాన్ని గాంగుల రాజధాని కళింగనగరంగా గుర్తిస్తున్నారు. అనంతవర్మ చోడగంగదేవుని పట్టాభిషేక శకాన్ని తామ్రశాసనం నంద, రంధ్ర, గ్రహ పదాలతో తెలిపింది. ‘రంధ్ర’ 9 అయితే శకం 999. 0 అయితే 909. మూడంకెల శకానికి చదరంగ సంఖ్యకున్నటువంటి అంతర్నిర్మాణం లేదు. గణితపరంగా రెండూ సాధ్యమే.

ఇక్కడ నిర్ణయం సంఖ్యకు వెలుపలి నుంచి రావాలి. శాసనం కుంభంలో సూర్యుడు, శుక్ల తదియ, శనివారం అని పేర్కొంది. 999 గ్రహిస్తే ఇవి క్రీ.శ. 1078 ఫిబ్రవరి 17కు సరిపోతాయి. ఆ రోజు శనివారమే. చోడగంగుని వంశానుక్రమం కూడా 909ను అంగీకరించదు.

3. ముగింపు

పద్యంలోని సంఖ్యకు దాని కారణాంకాలే సాక్ష్యం. శాసనంలోని శకానికి తిథి, వారం, వంశానుక్రమం సాక్ష్యాలు. కనుక శాసన పాఠాన్ని ప్రకటించేవారు పదాల పక్కన అంకెలు వేసి ఊరుకోకుండా, ఆ విలువలను నిలబెట్టిన పంచాంగ గణనను కూడా చూపడం అవసరం.