గబ్బిలము పెట్టు ఎరువు

గబ్బిలము ఇంట దూరినచో అశుభమని మనవారిలో పెక్కుమంది నమ్ముదురు. అట్లు వెలివేయబడిన ప్రాణినే గుఱ్ఱం జాషువ 1941లో వెలువడిన ‘గబ్బిలము’ కావ్యమున, గుడిలోనికి రానీయబడని నిరుపేద మొరను కాశీ విశ్వనాథునకు విన్నవించు దూతగా నిలిపెను. కావ్యమున దానికి దక్కిన ఈ గౌరవము చదువరులు ఎరిగినదే. అది నేలకు చేయు మేలు మాత్రము అంతగా తెలిసినది కాదు.

కీటకములను తిను గబ్బిలములు రాత్రులందు పొలములపై ఎగురుచు పురుగులను పట్టి తిని, పగలు గుహలలో విశ్రమించును. తిన్నది రెట్టయై క్రిందికి రాలును. క్రొత్త రెట్టలో నత్రజని హెచ్చు. అది ఆకు పెరుగుటకు తోడ్పడును. ఏండ్లు గడచిన కొలది నత్రజని తరిగి, వేరునకు పూతకు ఉపకరించు భాస్వరము పాలు హెచ్చును.

థాయ్‌లాండు దేశమున రాజబురి ప్రాంతమందలి ఖావో చోంగ్ ఫ్రాన్ కొండగుహలో లక్షలాది గబ్బిలములు కలవు. వాటి రెట్టను ఎరువుగా అమ్మగా వచ్చు సొమ్ము అచటి బౌద్ధారామమునకు ఆధారము. ఒకప్పుడు వేటగాండ్రు వలలు పన్నుటచే గబ్బిలములు తగ్గెను; వాటితోపాటు ఎరువును తగ్గెను. 1981లో అమెరికా శాస్త్రజ్ఞుడు మెర్లిన్ టటిల్ సలహాపై గుహకు కావలి ఏర్పరచిరి. పదేండ్లలో రాబడి పెక్కు రెట్లు పెరిగెను. ఈ జాతి గబ్బిలములు వరిని పీల్చు దోమలను తినుటవలన ఆ దేశమున ఏటా సుమారు 2,900 టన్నుల బియ్యము దక్కుచున్నదని 2014లో శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

ఈ రెట్టను పచ్చిగా మొక్క మొదట కుప్పపోయరాదు. ఘాటునకు వేళ్లు మాడును. ఎండుటాకులు, గడ్డి పొరలుగా పేర్చి, నడుమ రెట్టను పలుచగా చల్లి, పిండిన గుడ్డకున్నంత చెమ్మ నిలుచునట్లు నీరు చిలుకరింపవలెను. కొన్ని దినములకు కుప్ప లోపల వేడి పుట్టును. అప్పుడప్పుడు తిరుగవేయుచుండగా, కొన్ని నెలలకు దుర్గంధము పోయి మట్టివాసన వచ్చును. అప్పుడది పాదులలో వేయుటకు తగియుండును.

ఒక హెచ్చరిక మరువరాదు. ఎండిన రెట్ట ధూళిలో హిస్టోప్లాస్మా అను బూజు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులకు వ్యాధి కలిగించును. కావున ధూళి లేవకుండ తడిపి, తగిన ముసుగును చేతొడుగులను ధరించియే దానిని ముట్టవలెను. పాఠశాల తోటలలో ఈ పని బాలురకు అప్పగింపరాదు.

రెట్టకై గుహలు చొచ్చుటయు ప్రమాదకరమే. గబ్బిలము సాధారణముగా ఏడాదికి ఒక్క పిల్లనే కనును. ఈనిక కాలమున దీపములతో, కేకలతో గుహను కలచినచో తల్లులు బెదరి పోవును. పిల్లలు నేలరాలి చచ్చును. తగ్గిన గుంపు మరల పెరుగుటకు ఏండ్లు పట్టును. ఖావో చోంగ్ ఫ్రాన్‌లో ఎరువును పెంచినది పలుగు పార కాదు, గుహ ముంగిట నిలిచిన కావలి. పశువు కొట్టములో ఉన్నంతవరకే పాడి యని ఎరిగిన రైతునకు ఈ మాట వేరుగా బోధింప నక్కరలేదు.