మెట్రో కింద మ్యాప్ ఎందుకు తప్పుతుంది?

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో వంతెన కింద నిలబడి క్యాబ్ బుక్ చేస్తే ఫోన్‌లో నీలం చుక్క ఒక్కోసారి రోడ్డుకు అవతలి వైపు చూపిస్తుంది. డ్రైవర్ వెళ్లి అక్కడే ఆగుతాడు. మధ్యలో డివైడర్. యూటర్న్ తీసుకుని వచ్చేసరికి టైమూ పోతుంది, పెట్రోలూ పోతుంది. అదే అంబులెన్స్ అయితే? తప్పు నెట్‌వర్క్‌దనో, డ్రైవర్‌దనో అనుకుంటారు. అసలు గొడవ మాత్రం సెకనులో కోటో వంతు దగ్గర ఉంది.

జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. వాటి సిగ్నల్ చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి ఫోన్ దూరం లెక్కేస్తుంది. రేడియో తరంగం వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. కోటో వంతు సెకను అటూ ఇటూ అయితే దూరంలో 30 మీటర్ల తేడా వచ్చేస్తుంది.

పైగా ఆ సిగ్నల్ కిందికి చేరేసరికి చుట్టూ ఉన్న రేడియో రొద కంటే బలహీనంగా ఉంటుంది. మరి ఫోన్ ఎలా పట్టుకుంటుంది? ప్రతి ఉపగ్రహం 1,023 అంకెల కోడ్‌ను మిల్లీసెకనుకోసారి మళ్లీ మళ్లీ పంపుతుంది. ఆ కోడ్ ఫోన్‌కు ముందే తెలుసు. షాపు ఖాతాను బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టి, వరుసలు కలిసేదాకా పైకీ కిందికీ జరిపినట్టు, ఫోన్ తన కోడ్‌ను వచ్చినదాని పక్కన జరుపుతూ పోతుంది. ఎక్కడ బాగా కలిస్తే అదే ఆలస్యం. 100 సార్లు వచ్చినదాన్ని కూడితే కోడ్ 100 రెట్లు అవుతుంది. రొద ఒకసారి ప్లస్, ఒకసారి మైనస్ అవుతూ తనను తానే కొట్టేసుకుంటుంది కాబట్టి సుమారు 10 రెట్లే పెరుగుతుంది.

రొదకు ఈ మందు పనిచేస్తుంది. ప్రతిధ్వనికి పనిచేయదు. 2018 సెప్టెంబర్ 24న ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. ఇప్పుడు కింద నిలబడితే ఆకాశాన్ని కాంక్రీట్ అడ్డుకుంటుంది, సిగ్నల్ గోడలకు, షోరూం అద్దాలకు తగిలి తిరిగొస్తుంది. అందులోనూ ఉన్నది అదే కోడ్ కదా! ఎన్నిసార్లు కూడినా పోదు, ఇంకా బలపడుతుంది. 30 మీటర్లు ఎక్కువ తిరిగొచ్చిన సిగ్నల్ కోటో వంతు సెకను లేటు. కోడ్‌లో ఒక్కో అంకెకు పట్టే సమయం అంతకు దాదాపు పది రెట్లు. అసలుదీ, ప్రతిధ్వనీ ఒకదానిపై ఒకటి పడి కొలత పక్కకు జరుగుతుంది.

జీపీఎస్‌లోనే ఎల్5 అనే కొత్త సిగ్నల్‌లో అంకె పొడవు పదోవంతే. అందుకే ప్రతిధ్వనిని విడదీయడం సులువు. ఫోన్ కొనేటప్పుడు ‘డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్’ ఉందేమో చూసుకోవచ్చు. లేనివాళ్లు చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్బీనగర్ స్టేషన్ల దగ్గర బుక్ చేసేటప్పుడు వంతెన కింద నుంచి కాస్త బయటికి రావడం మేలు. డ్రైవర్ ఫోన్ చేస్తే మెట్రో పిల్లర్ నంబర్ చెప్పాలి, ఎల్బీనగర్ వెళ్లే వైపా, మలక్‌పేట వెళ్లే వైపా అన్నది కూడా.