ఇంటిలో శబ్దగ్రహణము

యలమంచిలిలో ఒక హరిదాసు తన కథాగానమును ఇంటిలోనే శబ్దగ్రహణము చేయదలచెననుకొందము. దేనిపై హెచ్చు సొమ్ము పెట్టవలెను? కంప్యూటరుపైనా, ఆడియో ఇంటర్‌ఫేసుపైనా?

మైకు శబ్దమును విద్యుత్తుగా మార్చును. దానిని ఇంటర్‌ఫేసు సాధారణముగా సెకండుకు 44,100 మారులు కొలిచి అంకెలుగా మార్చును. కంప్యూటరు ఆ అంకెలను గుంపులుగా గ్రహించును. 256 అంకెల గుంపు నిండుటకు సుమారు 6 మిల్లీసెకండ్లు పట్టును. అంతలో శబ్దము గాలిలో 2 మీటర్లు పోవును. కంప్యూటరు మందకొడిదైనచో 2,048 అంకెల గుంపు కావలసివచ్చును. అది నిండుటకే 46 మిల్లీసెకండ్లు! తన గొంతు తనకే ఆలస్యముగా వినిపించి గాయకుడు తాళము తప్పును.

మైకు ధ్వనిని నేరుగా హెడ్‌ఫోనుకు పంపు ఏర్పాటు ఇంటర్‌ఫేసులోనే ఉన్నచో, ఈ చిక్కు తొలగును. పాత కంప్యూటరైనను చాలును. గొంతునకు, మృదంగమునకు వేరువేరుగా రెండు మైకు ద్వారములు, కండెన్సరు మైకునకు 48 వోల్టుల సరఫరా ఉన్నవో లేవో చూచుకొనవలెను. మిగిలిన సొమ్ము మంచి మైకునకు ఉపకరించును.