వాన నీరు, బావి నీరు: అండమాన్ ఇళ్లలో మట్టి లేని సాగుకు పీహెచ్ పాఠం

అండమాన్ నికోబార్ దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. ఆంధ్రప్రదేశ్ సగటు వర్షపాతానికి ఇది దాదాపు మూడింతలు. అయినా జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ నీటికి కటకటే. కొండవాలు మీద పడిన వాన నిలబడకుండా సముద్రంలోకి జారిపోతుంది. పోర్ట్ బ్లెయిర్ నగరానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఈ నగరానికి ధనిఖరి జలాశయమే ప్రధాన ఆధారం. అది అడుగంటే వేసవిలో కుళాయి నీరు రోజు విడిచి రోజు, ఒక్కోసారి మరింత ఆలస్యంగా వస్తుంది.

కూరగాయల సంగతీ అంతే. స్థానికంగా పండేవి చాలవు. మిగతావి చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి దాదాపు 1,200 కిలోమీటర్లు ఓడల్లో ప్రయాణించి రావాలి. సముద్రం అల్లకల్లోలమైతే ఓడ ఆగుతుంది, కూరల ధర పెరుగుతుంది. రెండు మూడు రోజులు ఓడలో గడిపిన ఆకుకూర ఎలా ఉంటుందో చెప్పనక్కర లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వాటిలో చాలా ఉన్నాయి. తోటకూర, పాలకూర, పుదీనా, కొత్తిమీర లేని వంటిల్లు ఆ ఇళ్లలో ఊహించలేం.

అందుకే డాబా మీదో, వరండాలోనో మట్టి లేకుండా ఆకుకూరలు పెంచే హైడ్రోపోనిక్స్ పద్ధతి ఇలాంటి చోట ఆసక్తి రేపుతుంది. అయితే విత్తనాలు, తొట్టెలు, పోషకాలు కొన్నంత మాత్రాన పని పూర్తి కాదు. మట్టి లేనప్పుడు మొక్కకు నీరే నేల. ఆ నీటి స్వభావం తెలియకపోతే ఎంత ఖరీదైన పోషకం పోసినా ఆకులు పసుపుపచ్చగా మారతాయి.

దీవుల్లో పెరిగిన సాంకేతికత

మట్టి లేని సాగుకు, దీవులకు పాత చుట్టరికమే ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త విలియం గెరిక్ 1937లో ఈ పద్ధతికి హైడ్రోపోనిక్స్ అనే పేరును ప్రచారంలోకి తెచ్చారు. మరుసటి ఏడాదే పసిఫిక్ మహాసముద్రంలోని వేక్ దీవిలో, విమాన ప్రయాణికుల కోసం ఈ విధానంలో కూరగాయలు పండించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అట్లాంటిక్‌లోని అసెన్షన్ దీవిలో అమెరికన్ సైన్యం కంకర పడకల మీద ఇదే సాగు చేసింది. మన దేశంలో 1946లో షోల్టో డగ్లస్ బెంగాల్‌లోని కాలింపాంగ్ ప్రాంతంలో ప్రయోగాలు మొదలుపెట్టారు. కరెంటు, మోటారు అవసరం లేని నిలవనీటి పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చిన బెర్నార్డ్ క్రాట్కీ కూడా దీవిలో పనిచేసిన శాస్త్రవేత్తే. ఆయనది హవాయి విశ్వవిద్యాలయం.

అండమాన్‌లో మట్టి విలువ 2004 డిసెంబరు 26న మరింత తెలిసొచ్చింది. సునామీ వచ్చినప్పుడు ఉప్పునీరు పొలాలను ముంచేసింది. దక్షిణ అండమాన్‌లో నేల సైతం కుంగింది. 1978లో ఏర్పడి, నేడు కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థగా ఉన్న కేంద్రం, దెబ్బతిన్న భూముల్లో ఎత్తైన మడులు, వాటి మధ్య కాలువలు వేసి వాన నీటితో ఉప్పును కడిగే పద్ధతిని రైతులకు అందించింది. ఉప్పును కడిగేదీ, పంటను బతికించేదీ మంచినీరే అన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం. ఇంటి తొట్టెకూ అదే వర్తిస్తుంది.

పీహెచ్ అంటే ఏమిటి?

నీటి ఆమ్లత్వాన్ని, క్షారత్వాన్ని కొలిచే పీహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్సెన్ ప్రవేశపెట్టారు. 7 తటస్థం. అంతకన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఇందులో ఒక్క అంకె తేడా అంటే పదిరెట్ల తేడా. పీహెచ్ 8 ఉన్న నీటితో పోలిస్తే 6 ఉన్న నీటిలో ఆమ్లత్వం వంద రెట్లు ఎక్కువ.

హైడ్రోపోనిక్స్‌లో చాలా పంటలకు 5.5 నుంచి 6.5 మధ్య పీహెచ్ అనుకూలం. అది 7 దాటితే ఇనుము, మాంగనీసు, ఫాస్ఫరస్ వంటివి కరగని రూపంలోకి మారతాయి. తొట్టెలో పోషకం ఉంటుంది, వేరుకు మాత్రం అందదు. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపుగా మారడం ఇనుము అందడం లేదనడానికి గుర్తు. అప్పుడు మరింత పోషకం పోస్తే ప్రయోజనం ఉండదు, ముందు పీహెచ్ చూడాలి. పీహెచ్ 5 కన్నా బాగా తగ్గితే వేళ్లే దెబ్బతింటాయి.

ఒకే ఇల్లు, రెండు రకాల నీళ్లు

దీవుల్లో ఇంటి తోటకు ప్రధానంగా రెండు రకాల నీరు దొరుకుతుంది. మొదటిది వాన నీరు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల స్వచ్ఛమైన వాన చుక్క పీహెచ్ సుమారు 5.6 ఉంటుంది. అందులో లవణాలు దాదాపు ఉండవు. రెండోది బావి నీరు. కార్ నికోబార్, శహీద్ ద్వీప్ వంటి చోట్ల నేల కింద పగడపు సున్నపురాయి ఉంటుంది. దాని గుండా ఇంకిన నీటిలో కాల్షియం, బైకార్బొనేట్ బాగా చేరతాయి. పీహెచ్ 7 దాటుతుంది.

పీహెచ్ అంకె ఒక్కటే చూస్తే అసలు తేడా తెలియదు. బావి నీటిలోని బైకార్బొనేట్ ఆమ్లాన్ని మింగేస్తుంది. పీహెచ్‌ను ఈ రోజు 6కు దించితే రెండు రోజుల్లో మళ్లీ పైకి ఎగబాకుతుంది. మార్పును ఇలా అడ్డుకునే గుణాన్ని బఫర్ సామర్థ్యం అంటారు. వాన నీటికి ఆ సామర్థ్యం దాదాపు లేదు. నాలుగు చుక్కల ఆమ్లానికే పీహెచ్ అమాంతం పడిపోతుంది. మొక్క నైట్రేట్ తీసుకుంటే పెరుగుతుంది, అమ్మోనియం తీసుకుంటే తగ్గుతుంది. అంటే మొండిగా కదలని నీరు ఒకటి, నిలకడ లేని నీరు మరొకటి.

ఈ రెండింటినీ కలపడమే తేలికైన ఉపాయం. ఉదాహరణకు లీటరు బావి నీటిలో 240 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ ఉందనుకుందాం. ఒక వంతు బావి నీటికి మూడు వంతుల వాన నీరు కలిపితే అది లీటరుకు 60 మిల్లీగ్రాములకు దిగుతుంది. పీహెచ్‌ను నిలకడగా ఉంచడానికి ఆ మాత్రం చాలు. ఆమ్లం ఖర్చు తగ్గుతుంది, కొంత కాల్షియం కూడా ఉచితంగా వస్తుంది. పూర్తిగా వాన నీరే వాడితే కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్ ఉన్న పోషక మిశ్రమం తప్పనిసరి.

వాన నీటికీ ఒక జాగ్రత్త ఉంది. దీవుల్లో చాలా ఇళ్లకు జింకు పూత పూసిన రేకుల కప్పులే. కాస్త ఆమ్లంగా ఉండే వాన నీటిలో కొంత జింకు కరుగుతుంది. కప్పు మీది దుమ్ము, పక్షుల రెట్ట, సముద్రపు తుంపర తెచ్చిన ఉప్పు కూడా దిగుతాయి. అందుకే తొలి జల్లుల నీటిని వదిలేసి, తర్వాతి నీటిని పట్టుకోవాలి.

మీటరు చెప్పేది, చెప్పనిది

నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని విద్యుత్ వాహకత ద్వారా అంచనా వేస్తారు. దీన్ని ఈసీ అంటారు. ఆకుకూరల ద్రావణంలో ఇది సాధారణంగా 1 నుంచి 2 మిల్లీ సీమెన్స్ మధ్య ఉంటే చాలు. అయితే ఈసీ మీటరు లవణాలు ఎన్ని ఉన్నాయో చెబుతుంది, ఏవి ఉన్నాయో చెప్పదు.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. దాని ఈసీ 50 మిల్లీ సీమెన్స్ దరిదాపుల్లో ఉంటుంది. పది లీటర్ల బకెట్‌లో 100 మిల్లీలీటర్ల సముద్రపు నీరు కలిసినా ఈసీ సుమారు 0.5 పెరుగుతుంది. అప్పుడు మీటరు 1.2 చూపిస్తే అందులో దాదాపు సగం మొక్కకు పనికిరాని ఉప్పే. చిన్న దీవుల్లో నేలలోని మంచినీరు ఉప్పునీటి మీద తేలే పొరలా ఉంటుంది. బావిని అతిగా తోడితే అడుగునున్న ఉప్పు పైకి వస్తుంది. కాబట్టి పోషకం కలపకముందే ఉత్త నీటి ఈసీ కొలిచి రాసుకోవాలి. వేసవిలో ఆ అంకె పెరుగుతుంటే బావి హెచ్చరిస్తోందని అర్థం. మొక్కలు నీటిని తాగి సోడియాన్ని చాలావరకు వదిలేస్తాయి కనుక, తగ్గిన నీటి స్థానంలో అదే బావి నీరు పోస్తుంటే ఉప్పు పేరుకుపోతుంది. అలా నింపడానికి వాన నీరే మేలు.

కొలిచే క్రమం

ఉత్త వాన నీటిలో పీహెచ్ మీటరు స్థిరంగా నిలవదు. లవణాలు లేకపోవడమే కారణం. ముందు పోషకాలు కలిపి, కాసేపు ఆగి, ఆ తర్వాత పీహెచ్ కొలవాలి. మీటరును పీహెచ్ 7, పీహెచ్ 4 ప్రామాణిక ద్రావణాలతో తరచూ సరిచూసుకోవాలి. మీటరు లేకపోతే రంగు మారే చుక్కల కిట్ కూడా ఇంటి అవసరానికి సరిపోతుంది.

పీహెచ్ తగ్గించడానికి పలచన ఫాస్ఫారిక్ ఆమ్లం వాడతారు. ఒక లీటరు నీటిలో కొద్దికొద్దిగా వేసి 6కు తేవడానికి ఎంత పట్టిందో చూసి, ఆ లెక్కన తొట్టె మొత్తానికి కలపాలి. ఎప్పుడూ నీటిలోనే ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీరు పోయకూడదు. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, పిల్లలకు అందని చోట దాచాలి. నిమ్మరసంతోనూ పీహెచ్ దిగుతుంది, కానీ అందులోని సిట్రిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు తినేయగానే మళ్లీ పెరుగుతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ వాసన ఉంటే మూత తీసి ఒక రోజు ఉంచితే చాలావరకు పోతుంది.

వేడి, తేమ, దోమ

నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7 లోపే. ఆక్సిజన్ తక్కువైన వెచ్చని నీటిలో వేళ్లను కుళ్లించే పితియం విజృంభిస్తుంది. తొట్టెను నీడలో ఉంచి, వెలుతురు చొరబడకుండా మూసి, బయట తెల్ల రంగు వేస్తే వేడీ, నాచూ రెండూ తగ్గుతాయి. దీవుల గాలిలో తేమ ఎక్కువ కావడంతో ఆకుల నుంచి నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది. దాంతో లేత ఆకులకు కాల్షియం చేరక లెట్యూస్ అంచులు మాడతాయి. దీనికి మందు గాలి ఆడే చోటు. అలాగే నిలవనీరు దోమలకు పుట్టిల్లు. కప్పుల చుట్టూ సందు లేకుండా మూత బిగించడం డెంగీ నివారణకూ అవసరం.

వాడిన ద్రావణాన్ని కాలువలో పారబోయకూడదు. అందులో మిగిలిన నైట్రేట్, ఫాస్ఫేట్ సముద్రంలో చేరితే నాచు పెరిగి పగడపు దిబ్బలకు ముప్పు. అరటి, కొబ్బరి మొదళ్లకు పలచన చేసి పోస్తే అదే ఎరువు.

అమెరికాలోని అరిజోనా పరిశోధకులు 2015లో వేసిన లెక్క ప్రకారం, కిలో లెట్యూస్‌కు పొలంలో సుమారు 250 లీటర్ల నీరు పడితే, హైడ్రోపోనిక్స్‌లో సుమారు 20 లీటర్లు చాలు. వాతావరణాన్ని నియంత్రించే హరితగృహంలో కరెంటు మాత్రం ఎన్నో రెట్లు ఎక్కువైంది. మోటారు లేని నిలవనీటి తొట్టెకు ఆ ఖర్చు ఉండదు. ఈ లెక్కన పది కిలోల ఆకుకు 200 లీటర్లు, అంటే ఒక డ్రమ్ము నీరు. పది చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే 250 లీటర్లు వస్తాయి. తొలి జల్లును వదిలేసినా, డిసెంబరులో పడే ఒక్క మంచి వానకు ఆ డ్రమ్ము నిండుతుంది. మూత బిగించి దాచుకుంటే, కుళాయి మొహం చాటేసే మార్చిలో ఆ నీరే ఇంటి ఆకుకూరను బతికిస్తుంది.