చెమట పట్టని పాపకు ఎండాకాలం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు మే నెల ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. 44, 45 డిగ్రీలు. మధ్యాహ్నం వాకిట్లో అడుగు పెడితే చెప్పుల్లోంచి సెగ తగులుతుంది. ఆ ఎండను మన ఒళ్లు తట్టుకుంటున్నది చెమట వల్లే. ఆ చెమటే పట్టని పిల్లలు, నొప్పి కూడా తెలియని పిల్లలు అక్కడక్కడ పుడతారు. జబ్బు పేరు పెద్దది: కంజెనిటల్ ఇన్‌సెన్సిటివిటీ టు పెయిన్ విత్ ఆన్‌హైడ్రోసిస్. పుట్టుకతోనే నొప్పి తెలియకపోవడం, చెమట పట్టకపోవడం అని అర్థం. డాక్టర్లు పొట్టిగా సీఐపీఏ అంటారు. ప్రపంచం మొత్తమ్మీద వైద్య పత్రికలకెక్కిన కేసులు కొన్ని వందలే. అంత అరుదైన జబ్బు సంగతి మనకెందుకంటారా? మన ఎండల వల్ల, మన మేనరికాల వల్ల.

నొప్పి లేకపోతే హాయే కదా అని చాలామంది అనుకుంటారు. ఆరేడు నెలలకు పాలపళ్లు వస్తాయి. మామూలు బిడ్డ తన నాలుక ఒకసారి కొరుక్కుంటే కెవ్వుమంటుంది, మళ్లీ ఆ పని చేయదు. ఈ బిడ్డకు ఆ పాఠం నేర్పేవాళ్లు లేరు. నాలుక, పెదవి, వేళ్ల చివరలు నెత్తురు వచ్చేలా కొరుక్కుంటూనే నవ్వుతుంది. కాలి ఎముక విరిగినా నడిచేస్తుంది. చీలమండ వాచాకే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. అయితే స్పర్శ మాత్రం తెలుస్తుంది. తల నిమిరితే అమ్మ చెయ్యి అని గుర్తుపడుతుంది. తాకిడిని మోసే నరాలు వేరు, నొప్పిని, వేడిని మోసే సన్నటి నరాలు వేరు. లోపం ఆ సన్నటి నరాల్లోనే.

నొప్పి లేకపోవడం కంటే ముందు ప్రాణం తీసేది చెమట లేకపోవడం. ఒక లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. వంటింటి లెక్కలో చెప్పాలంటే, 8 లీటర్ల ఎసరు తెర్లడానికి పట్టేంత వేడి. ఇప్పుడు 10 కిలోల ఏడాది పాపను తీసుకోండి. కదలకుండా పడుకున్నా ఆ ఒంట్లో గంటకు దాదాపు 23 కిలోక్యాలరీల వేడి పుడుతుంది. అంత ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 8 కిలోక్యాలరీలు చాలు. బయటి గాలి ఒంటికన్నా వేడిగా ఉండి, చెమట కూడా లేకపోతే ఆ వేడి ఎటు పోతుంది? ఊపిరితో పోయే కాస్తా తీసేసినా గంటలో రెండు సెల్సియస్ డిగ్రీలకు పైగా పెరుగుతుంది. ఫారెన్‌హీట్ థర్మామీటర్‌లో 98.6 ఉన్నది 102 దాటుతుంది, ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండానే. ఈ జబ్బున్న పిల్లల్లో దాదాపు అయిదింట ఒకరు మూడేళ్లు నిండకముందే ఒళ్లు కాగిపోయి చనిపోతారని వైద్యులు చెప్పే లెక్క. నా మటుకు నాకు ఈ కథనంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఇదే.

మరి చెమట గ్రంథులు లేవా? ఉన్నాయి. బోరులో నీళ్లున్నాయి, మోటారు ఉంది, కరెంటు తీగే లేదు. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు నొప్పి నరాలు, చెమట నరాలు బతకడానికి ఒక పోషక ప్రొటీన్ కావాలి. దాన్ని కనిపెట్టిన రీటా లెవీ మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్‌లకు 1986లో నోబెల్ వచ్చింది. ఆ ప్రొటీన్‌ను అందుకునే గొళ్లేన్ని తయారుచేసే జన్యువు ఎన్‌టీఆర్‌కే1. అది చెడితే ఆ నరాలు నిలవవు. 1996లో జపాన్‌కు చెందిన యసుహిరో ఇందో బృందం దీన్ని తేల్చింది.

జ్వరం మాత్ర వేస్తే తగ్గదా అంటే, ఈ వేడికి సాధారణంగా తగ్గదు. ఇది లోపల రోగం రాజేసిన జ్వరం కాదు, బయటికి దారిలేని వేడి. తడి బట్ట కప్పి ఫ్యాన్ వేస్తే ఆ నీళ్లే చెమట పని చేస్తాయి. మన పొడి ఎండలో కూలర్ కూడా బాగా పనికొస్తుంది.

అమ్మానాన్నలు బాగానే ఉన్నారు, బిడ్డకెలా వచ్చింది? ఆ ఎన్‌టీఆర్‌కే1 జన్యువు జంటగా వస్తుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడితే రెండోది నెట్టుకొస్తుంది. ఇద్దరి నుంచీ చెడ్డదే వస్తే జబ్బు. ఇద్దరి దగ్గరా ఒక్కో చెడ్డ ప్రతి ఉన్న దంపతులకు ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదనుకోవద్దు. కాన్పు కాన్పుకూ చీటీలు మళ్లీ కలిపి వేసినట్టే. కోడలిని నిలదీసే ఇళ్లు ఈ మాట వినాలి: ఇందులో తండ్రి వంతు సరిగ్గా సగం.

ఇక మేనరికం సంగతి. లెక్క కోసం, 500 మందిలో ఒకరి దగ్గర చెడ్డ ప్రతి ఉందనుకుందాం. చుట్టరికం లేని దంపతుల బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 10 లక్షల్లో ఒకటి. మేనత్త కొడుకును చేసుకుంటే సుమారు 16 వేలల్లో ఒకటి, మేనమామను చేసుకుంటే 8 వేలల్లో ఒకటి. 16 వేలల్లో 15,999 మందికి రాదన్నదీ నిజమే. కానీ ఇంట్లో ఒక బిడ్డకు ఇప్పటికే వచ్చి ఉంటే ఈ లెక్కలు చెల్లవు. అక్కడ మిగిలేది నాలుగింట ఒకటే.

నొప్పి తెలియడం లేదంటే కుష్టు అని భయపడేవాళ్లున్నారు. కుష్టు క్రిమి వల్ల వస్తుంది, మందులతో నయమవుతుంది. ఇది అంటదు, దీన్ని నయం చేసే మందు ఇంకా లేదు. జాగ్రత్తే వైద్యం: రోజూ స్నానమప్పుడు తల నుంచి పాదం దాకా గాయాలు వెతకడం, బూట్లు తొడిగే ముందు లోపల రాయి ఉందేమో తడిమి చూడడం, పళ్ల డాక్టరుతో పదునైన అంచులు అరగదీయించడం, కళ్లు చూపించడం.

టీకా సూదికి ఏడవని బిడ్డ, ఎండ ముదిరినప్పుడల్లా కారణం లేని జ్వరం, ఎప్పుడూ పొడిగా ఉండే చర్మం: ఈ మూడూ కలిసి కనిపిస్తే పిల్లల డాక్టరుకు మూడూ కలిపి చెప్పండి. విడివిడిగా చెబితే విడివిడి మందులే వస్తాయి. రక్తంతో చేసే జన్యు పరీక్ష జబ్బును తేలుస్తుంది. అమ్మానాన్నల జన్యు లోపం తెలిస్తే తర్వాతి గర్భంలో మూడో నెల చివరికల్లా పరీక్ష చేయవచ్చు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిని, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీని కలిపి ఒక ప్రత్యేక కేంద్రంగా గుర్తించింది.

కోదాడ నుంచి అది సుమారు 180 కిలోమీటర్లు. ఎండాకాలం అయితే రాత్రి బస్సు ఎక్కండి. తడిపిన తువ్వాలు, నీళ్లు చిలకరించే సీసా, థర్మామీటర్ చేతి సంచిలోనే పెట్టుకోండి, పైన సామాన్లలో కాదు.