ముంబాయి ప్రయాణంలో బస ఎంపిక

సెలవులు దగ్గరపడగానే మన ఇండ్లలో పిల్లలు ముంబాయి మాట ఎత్తుతారు. సముద్రం చూడాలని, బైకుల్లాలోని రాణీబాగులో జంతువులను చూడాలని, సిద్ధివినాయకుని దర్శనం చేసుకోవాలని ప్రతి కుటుంబానికీ కోరిక వుంటుంది. ఇది తప్పు కోరిక కాదు. ఏడాది పొడుగునా కండెలు చుట్టి, వంటా వార్పూ చూచుకొనే మన ఆడవారికి నాలుగు రోజుల విశ్రాంతి కావలసిందే. అయితే మన వృత్తిలో సెలవుకు జీతం లేదు. మగ్గం ఆగిన రోజున కూలి కూడా ఆగుతుంది. కావున మనకు ప్రయాణపు ఖర్చు రెండు విధాలు: చేతిలో నుండి పోయేది ఒకటి, చేతికి రాకుండా పోయేది మరొకటి. ఈ రెండింటినీ అదుపులో వుంచేది ముందుగా మంచి బస చూచుకోవడమే అని సోదర సోదరీమణులకు మనవి చేస్తున్నాము.

మన పెద్దలకు ఈ చింత అంతగా లేదు. వర్లీ, లోయరు పరేలు ప్రాంతాల బట్టల మిల్లులలో మనవారు పనిచేసిన రోజులలో, షోలాపురం నుండి వెళ్లినవారు చాళ్లలోని బంధువుల గదిలోనే దిగేవారు. ఒక్క గదిలో పదిమంది సర్దుకొనేవారు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. ఆ స్థలాలలో చాలాచోట్ల పెద్ద మేడలు లేచినవి. బంధువులలో కొందరు దూరపు శివార్లకు తరలిపోయినారు. నేడు అద్దెకు గది తీసుకోవడం చాలామందికి తప్పనిసరి.

ముంబాయి నగరం ఉత్తరం నుండి దక్షిణానికి పొడుగుగా పరచిన పడుగు వంటిది. రైలు మార్గాలు కూడా ఆ విధంగానే నిలువునా సాగుతవి. చూడదగిన గేట్‌వే ఆఫ్ ఇండియా, మెరైన్ డ్రైవు, ఎలిఫెంటాకు పడవలు బయలుదేరే రేవు దక్షిణపు కొసన వున్నవి. మన వృత్తివారు చూడవలసిన మంగళదాసు బట్టల మార్కెట్టు, మూల్జీ జేఠా మార్కెట్టు కూడా ఆ వైపే, కాల్బాదేవి ప్రాంతంలో వున్నవి. సిద్ధివినాయక మందిరం, నెహ్రూ సైన్సు సెంటరు, మహాలక్ష్మి గుడి నడిమి భాగంలో వున్నవి. గది అద్దె తక్కువగా కనిపించేది ఎక్కువగా ఉత్తరపు శివార్లలో. చిక్కంతా ఇక్కడే వున్నది. ఉదయం పూట జనమంతా దక్షిణానికి, సాయంత్రం ఉత్తరానికి ప్రయాణిస్తారు. శివారులో దిగిన యాత్రికుడు రెండు పూటలా ఆ తొక్కిడిలోనే పోవలెను.

చౌక నూలు సంగతి మనకు తెలియనిది కాదు. కొన్నప్పుడు లాభంగా వుంటుంది. మగ్గం మీద పోగు తెగుతూ వుంటే అసలు ధర తెలుస్తుంది. గది లెక్క కూడా అట్టిదే. అయిదుగురు మూడు రాత్రులు వుంటారనుకొందాము. శివారు గది రోజుకు 1,300 రూపాయలు, దాదరు గది 2,000 రూపాయలు అనుకొంటే, మూడు రాత్రులకు తేడా 2,100. శివారులో లాడ్జి నుండి స్టేషనుకు ఒక ఆటోలో ముగ్గురికే చోటు గనుక రెండు ఆటోలు కావలెను. ఆటోకు 50 చొప్పున రానూపోనూ 200. మూడు రోజులకు 600. ఒకనాటి రాత్రి పిల్లలు నిద్రపోతే టాక్సీకి మరొక 900. పోగా మిగిలేది 600. దాని కొరకు రోజుకు మూడు గంటల వంతున మూడు రోజులలో తొమ్మిది గంటలు దారిలోనే గడచిపోతవి. ఒక పనిదినమంతా పోయినట్లే. అదీ ఒక్కరికి కాదు, అయిదుగురికి.

మా సభ్యులకు మేము ముందుగా చెప్పేది దాదరు. మధ్య రైల్వే, పశ్చిమ రైల్వే రెండూ కలిసే స్టేషను అది. అక్కడ నుండి ఆ రెండు మార్గాలలోనూ ఒకే రైలులో పోవచ్చును. ఇడ్లీ, దోసె, సాంబారన్నం దొరికే మాటుంగా పక్కనే వున్నది. 2025 అక్టోబరు నుండి ఆరే కాలనీ మొదలు కఫ్ పరేడు వరకు భూగర్భ మెట్రో పూర్తిగా నడుస్తున్నది. సిద్ధివినాయకం, దాదరు, మహాలక్ష్మి, కాల్బాదేవి, ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అన్నీ ఆ దారిలోనివే. మెట్రో స్టేషనుకు నడిచిపోగల గది అయితే లోకలు రైలు తొక్కిడి ముసలివారికి తప్పుతుంది.

రెండవది ఆ టెర్మినస్ పరిసరాలు. షోలాపురం నుండి వచ్చే సిద్ధేశ్వర్, బెంగుళూరు ఉద్యాన్, భువనేశ్వరం కోణార్క్ ఎక్స్‌ప్రెస్సులు అక్కడికే చేరుతవి. సముద్రం, బట్టల మార్కెట్లు దగ్గర. అద్దె మాత్రం కొంత ఎక్కువ, గదులు ఇరుకు. రెండు రోజుల ప్రయాణమయితే ఇదే మేలు. దక్షిణ ముంబాయిలో ఆటోలు తిరగవు, టాక్సీలే వుంటవి. 2025 ఫిబ్రవరిలో టాక్సీ కనీసపు చార్జీ 31 రూపాయలు, ఆటోకు 26 రూపాయలు అయినది. మీటరు వేయమని అడగవలెను.

"స్టేషనుకు అయిదు నిమిషాలు" అని ప్రకటనలో చూచి మోసపోరాదు. స్టేషనుకు తూర్పా, పడమరా అని అడగవలెను. తప్పు వైపు దిగితే మూటలతో వంతెన ఎక్కి దిగవలసి వస్తుంది. ఫోనులో పటం తీసి, లాడ్జి పేరు కొట్టి, నడకదారి ఎంతో చూడవచ్చును. మన పిల్లలకు ఇది క్షణంలో పని.

డబ్బు పంపక ముందు లాడ్జికి స్వయంగా ఫోను చేసి ఈ సంగతులు అడగవలెను. ఒకటి, రోజు లెక్క మధ్యాహ్నం 12 గంటలకా, దిగిన సమయం నుండి 24 గంటలా? రాత్రి రైలులో తెల్లవారగానే దిగేవారికి ఇది ముఖ్యం. గది మధ్యాహ్నం గాని ఇవ్వనంటే, పెద్ద స్టేషనులోని సామాను గదిలో తాళం వేసిన పెట్టెలు వుంచి దర్శనానికి పోవచ్చును. రెండు, చెప్పిన అద్దెలో పన్ను కలిసి వున్నదా? రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబరు 22 నుండి జి.యస్.టి. నూటికి 5; అంతకు ముందు 12 వుండేది. పాత రేటు వేస్తే బిల్లు అడగవలెను. మూడు, గది ఎన్నవ అంతస్తు, లిఫ్టు పనిచేస్తున్నదా? నాలుగు, అదనపు పరుపుకు ఎంత? అయిదు, రద్దు చేసుకొంటే డబ్బు తిరిగి ఇస్తారా? ఎవరో పంపిన లింకు మీద మొత్తం సొమ్ము ముందే కట్టడం క్షేమం కాదు. పెద్దలందరి గుర్తింపు కార్డులు వెంట వుండవలెను.

గది చూచిన తరువాతనే పెట్టెలు దింపవలెను. ఇక్కడ మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. దుప్పటి అంచు, తువాలు మడత చూస్తే ఆ లాడ్జి నడవడి తెలుస్తుంది. ఉతికి ఉతికి పలచబడిన గుడ్డ తప్పు కాదు. ఉతకని గుడ్డ తప్పు. కుళాయి తిప్పి నీరు, తలుపు వేసి గడియ చూడవలెను. ఆడవారు బాగున్నదన్న తరువాతనే రిజిస్టరులో సంతకం చేయవలెను.

రోజులు కూడా చూచుకొని బయలుదేరవలెను. సోమవారం ఎలిఫెంటా గుహలు, బుధవారం రాణీబాగు మూసి వుంటవి. ఆదివారం బట్టల మార్కెట్లకు సెలవు. మరమ్మతుల కొరకు లోకలు రైళ్లు కొన్ని గంటలు నిలిపే మెగా బ్లాకు కూడా తరచుగా ఆనాడే. ఉదయం పది దాటిన తరువాత బయలుదేరి, సాయంత్రం అయిదుకు ముందో రాత్రి ఎనిమిది తరువాతనో తిరిగి వస్తే పిల్లలతో సుఖంగా పోవచ్చును.

మా సహకార సంఘం కార్యాలయంలో ఒక నోటుపుస్తకం వుంచినాము. ముంబాయి వెళ్లి వచ్చిన సభ్యులు తాము దిగిన లాడ్జి పేరు, వీధి, ఇచ్చిన అద్దె, నీటి వసతి, స్టేషను నుండి నడక నిమిషాలు అందులో వ్రాయవలెనని నియమం. తరువాత వెళ్లేవారు అది చూచి ఫోను చేస్తారు. మదరాసు, బెంగుళూరు, భువనేశ్వరం వెళ్లివచ్చే మన కుటుంబాల కొరకు ఆయా ఊళ్ల సంఘాలవారు కూడా అటువంటి పుస్తకం పెట్టిన ఎడల, నాలుగణాల కాగితంతో నలుగురికీ మేలు జరుగును.